గిర్నీకి పోవద్దన్నది నేనే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా తండాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఎనభైల మొదట్లో ఒక ఏడాది ఆ కోపంతోనే మా తండా మొత్తాన్ని రెండు నెలల పాటు గిర్నీకి పోకుండా ఆపాను. అందరం కలిసి అనుకున్నదే కదా అని తర్వాత నన్ను సముదాయించారు గానీ, మొదట నోరు తెరిచింది నేను. ఈ మాట సిగ్గుపడుతూ రాయడం లేదు. పోవద్దనడానికి నాకు కారణం ఉంది, మళ్ళీ పోదామనడానికీ కారణం ఉంది. రెండూ చెప్తాను.

పాల్వంచ నుంచి భద్రాచలం పోయే రోడ్డు దిగి, అడవిలోకి నాలుగు మైళ్ళు నడిస్తే మా తండా వస్తుంది. మరో మైలు దూరంలో కోయగూడెం. రెండింటికీ మధ్య వాగు, వాగు ఒడ్డున రేకుల షెడ్డు, అందులో పిండి పట్టే గిర్నీ. దాని యజమాని గూడెం మనిషి, అప్పటికి యాభై దాటిన వాడు. పాల్వంచలో పవర్‌హౌస్ కట్టే రోజుల్లో కూలికి పోయి, ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని, తిరిగొచ్చి ఒక పాత ఆయిల్ ఇంజన్ తెచ్చి పెట్టుకున్నాడు. మా నాన్నను 'బావ' అని పిలిచేవాడు. ఆ వరసన నాకు మామ అయ్యాడు, నేను ఆయనకు కోడలిని. తండాకూ గూడేనికీ పెళ్ళి సంబంధాలు లేవు, ఉండవు కూడా. నోటి వరసలు మాత్రం ఉండేవి, ఆ వరసలతో పాటు పరాచికాలూ ఉండేవి.

"కోడలా, మీ జొన్నల్ల రాళ్ళు నా గిర్నీ రాళ్ళ కంటె పెద్దగున్నయ్" అనేవాడు, నేను గంప దించగానే.

"నీ గిర్నీ తిన్నంత పిండి మా ఇంట్ల ఎవ్వరు తినరు మామా" అనేదాన్ని నేను.

ఆ గిర్నీ గూడెం మనిషిదైనా బతుకుతున్నది మా తండా మీద. గూడెంలో జొన్నను గటక వండుకుంటారు, జావ కాచుకుంటారు. దానికి రవ్వ చాలు, రోట్లో దంచుకుంటే సరిపోతుంది. మాకు పూటపూటకూ రొట్టె కావాలి. రొట్టెకు మెత్తటి పిండి కావాలి, అది కూడా తాజాగా ఉండాలి. వారం దాటిన పిండితో రొట్టె తడితే అంచులు పగిలి చేతికే అంటుకుంటుంది. అందుకని ప్రతి ఇంటి నుంచీ వారానికొకసారి గంప గిర్నీకి పోవాల్సిందే. మామకు అది తెలుసు. వారంలో రెండు రోజులు తండా జొన్నలకే ఉంచేవాడు. ఆ ముందు రోజు రాళ్ళు విప్పి, ఉలితో గంట్లు కొట్టి గరుకు చేసేవాడు. మిరపకాయలు, పసుపు కొమ్ములు వారం చివర. మిరపకాయ పట్టాక తన ఇంటి గింజలు కొన్ని పోసి రాళ్ళు కడిగినట్టు తిప్పి, ఆ పిండి వాగు ఒడ్డున పారబోసేవాడు. "మిరపకాయ ఎక్కిన గిర్నీల జొన్న ఏడుస్తది" అనేది ఆయన మాట.

ఇక గొడవ సంగతి. దానికి కొన్నేళ్ళ ముందే మా తండాలను గిరిజనుల జాబితాలో చేర్చారు. అంతకు ముందు మా వైపు గూడేల వాళ్ళే అందులో ఉండేవాళ్ళు. హాస్టల్ సీటైనా, టీచర్ ట్రైనింగైనా, నౌకరీ అయినా ఆ జాబితాలో పేరుంటేనే మాబోటి వాళ్ళకు దారి దొరికేది. నేను ఆ దారినే వచ్చాను. మా తండాలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేనే. మామ చిన్నబిడ్డ కూడా నాతో పాటే ట్రైనింగుకు అప్లికేషన్ పెట్టింది. నాకు వచ్చింది, ఆమెకు రాలేదు. ఆమె పెళ్ళి చేసుకుని పర్ణశాల వైపు వెళ్ళిపోయింది. నన్ను ట్రైనింగు అయ్యాక ఎక్కడ వేశారనుకున్నారు, ఆ గూడెం బడిలోనే. ఒకే గది, ఒకే టీచరు. మామ మనవరాలు ముందు వరసలో కూర్చునేది.

ఆ చలికాలం చివర్లో భద్రాచలం ఆఫీసు నుంచి అధికారులు వచ్చి మా బడి ముందే సభ పెట్టారు. గూడెం వాళ్ళు, తండా వాళ్ళు అందరూ వచ్చారు. కష్టసుఖాలు చెప్పుకోమంటే కొందరు బోరింగు అడిగారు, కొందరు బాట అడిగారు. అప్పుడు మామ లేచి నిలబడ్డాడు.

"సార్, నాది ఒక్క మాట. తండోళ్ళు మాకు పరాయోళ్ళు కాదు. మంచికీ చెడ్డకూ ఒకళ్ళకొకళ్ళం అక్కరకొస్తం. అయినా ఆ లిస్టుల వాళ్ళ పేరు పెట్టుడు తప్పు. వాళ్ళు నాలుగూళ్ళు తిరిగినోళ్ళు, లోకం ఎరుక. మా పోరలు ఇప్పుడిప్పుడే బడి మొఖం చూస్తున్నరు. అందరి గింజలు ఒక్క గంపల పోస్తే, బలమున్న చెయ్యే ముందుగాల ముంచుకుంటది" అన్నాడు. అని ఊరుకుంటే బాగుండేది. నా వైపు చెయ్యి చూపి, "గీ పిల్ల నా ముందల పెరిగింది, మంచిగ చదివింది, కాదన. కానీ గీ నౌకరీ మా బిడ్డకు రావాల్సింది" అన్నాడు.

నేను బొగ్గుతో గోడ మీద అక్షరాలు దిద్దుకుని, చెప్పుల్లేకుండా నాలుగు మైళ్ళు నడిచి చదువుకున్నదాన్ని. నా మార్కులు ఎక్కువ కాబట్టే నాకు సీటు వచ్చింది. నేను పాఠం చెప్పే పిల్లల ముందు, వాళ్ళ తల్లుల ముందు, నేను ఎవరిదో ఎత్తుకుపోయినట్టు నిలబడాల్సి వచ్చింది. మామ మీద అంతకు ముందు ఎంత ప్రేమ ఉందో, ఆ రోజు అంత కోపం వచ్చింది.

ఆ సాయంత్రమే తండా పెద్దమనిషి ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టాను. ఇంట్లో, తండాలో మాది వేరే భాష. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"మన జొన్నలతోటి బతుకుతడు, మనల్నే లిస్టుల నుంచి తీసెయ్యమంటడు. ఇగ మన గింజ ఆ గిర్నీల పడొద్దు. ఆ మాట వాపస్ తీసుకున్ననాడు పోదాం" అన్నాను.

పెద్దమనిషి నెమ్మదస్తుడు. "మాటకు మాట చెప్పు బిడ్డా. గిర్నీ ఏం చేసింది?" అన్నాడు.

"గిర్నీ ఆయన బలం. గా బలం ఇచ్చింది మనం" అన్నాను.

పడుచువాళ్ళు అవునంటే అవునన్నారు. మా దగ్గర పెద్దమనిషి ముందు ఒప్పుకున్న మాట తండా మాట అవుతుంది. తప్పిన వాళ్ళను పండక్కి పిలవరు, పెళ్ళిలో పక్కన కూర్చోబెట్టుకోరు. ఆడవాళ్ళు ఆ సభలో వెనకాల నిలబడి ఉన్నారు. వాళ్ళను ఎవరూ అడగలేదు. ఆడదాన్నయి ఉండి నేనూ అడగలేదు.

మర్నాటి నుంచి తెలిసింది, గిర్నీ ఏం చేసిందో. మూలన పడేసిన ఇసుర్రాళ్ళు బయటికొచ్చాయి. తెల్లవారకముందే లేచి, ఇద్దరిద్దరు ఎదురుబొదురుగా కూర్చుని విసిరితే ఆ పూటకు చాలినంత పిండి. మా భాషలో అమ్మను యాడి అంటాం. మా యాడి మోచేతి దాకా గాజులు పైకి తోసుకుని విసిరేది. వారం గడిచేసరికి ఆమె భుజాలు వాచాయి. నేను రెండు రోజులు సాయం కూర్చున్నాను. మూడో రోజు అరచేతులు బొబ్బలెక్కాయి, బడికి టైమవుతుందని లేచిపోయాను.

"కోపం నీది, నడుం నాదా?" అంది యాడి, రాయి ఆపకుండానే.

మగవాళ్ళు ఊరికే ఉండలేదు. పెద్ద రోడ్డు మీది ఊళ్ళో ఇంకో గిర్నీ ఉంది. సైకిళ్ళ మీద మూటలు కట్టుకుని అక్కడికి పోయారు. అది మిరప కోతల కాలం. అక్కడ అందరివీ ఒకే రాళ్ళు, ఏది ముందు వస్తే అది పోస్తారు. తెచ్చిన పిండితో రొట్టెలు చేస్తే తండాలో పిల్లలంతా నాలుకలు బయటపెట్టి ఏడ్చారు. ఒక ముసలాయన ఆ రొట్టె తిని నీళ్ళు తాగి, "కూర దండగ అనుకున్నవేమో, రొట్టెలోనే కారం పెట్టిచ్చినవ్ కదనే పంతులమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను, నా మాట మీద నుంచి మాత్రం దిగలేదు.

అవతల గిర్నీ పడిపోతున్నది. నేను రోజూ దాని ముందు నుంచే బడికి పోవాలి. ఇదివరకు పొద్దంతా నడిచే ఇంజన్ అరగంట నడిచి ఆగేది. గూడెం వాళ్ళు తెచ్చే బియ్యం, పండక్కి ఇంత పిండి, అంతే. తండా రాకపోతే వానలు పడే లోపల ఇంజన్ను అశ్వారావుపేట వైపు ఎవరికో ఇచ్చేస్తాడని గూడెం ఆడవాళ్ళు బోరింగు దగ్గర అనుకుంటుంటే విన్నాను. ఆ ఇంజన్ పోతే ఆయన మళ్ళీ కూలికి పోవాలి, ఆ వయసులో. విన్న రోజు నాకు సంతోషమే అయింది. రాసేటప్పుడు దాచడం ఎందుకు.

ఆయన మాత్రం నన్ను చూసిన ప్రతిరోజూ షెడ్డు గడపలో నుంచి, "కోడలా, బడికా?" అనేవాడు. నేను తల తిప్పకుండా పోయేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే అడిగేవాడు. నాకు అది ఇంకా మంట పెట్టేది. తిడితే తిట్టొచ్చు, పలకరిస్తే ఏం చెయ్యాలి.

తన మనవరాలిని కూడా బడి మాన్పించలేదు. "ఆ టీచరమ్మ తండావోళ్ళే కదా నీ గిర్నీని ముంచింది, ఆమె దగ్గరికి పిల్లను ఎందుకు తోలుతున్నవ్" అని గూడెంలో అడిగితే, "లెక్కలు మంచిగ చెప్తది. లెక్కలతోటి నాకు పంచాయితీ లేదు" అన్నాడట. ఆ పిల్లే నాతో చెప్పింది. విని, ఆ రోజు ఎక్కాలు చెప్తూ రెండుసార్లు తప్పాను.

చైత్రం వచ్చింది. మా తండా చేలగట్టు మీద మామిడి విరగ కాసింది. ఎండలకు పిల్లలు వాడిపోయి కూర్చుంటుంటే, ఒకరోజు సంచి నిండా పచ్చి మామిడికాయలు పట్టుకుపోయి, ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది ఇంటర్వెల్‌లో పంచాను. కొందరు గబగబా తిన్నారు. కొందరు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మామ మనవరాలు ముక్కను గుప్పిట్లో పట్టుకుని తినకుండా నిలబడింది. పులుపు పడదేమో అనుకుని బలవంతం కూడా చేశాను.

నాకు తెలియనిది ఏమంటే, గూడెంలో మామిడి కొత్తలు ఇంకా కాలేదు. పండుగ చేసి, కొత్త కాయను ముందుగా వేల్పుకు పెట్టనిదే గూడెంలో పసిపిల్ల కూడా నోట్లో వేసుకోదు. వేసుకుంటే వానలు మొహం చాటేస్తాయనీ, అడవి కాపు తగ్గుతుందనీ వాళ్ళ నమ్మకం. పుట్టినప్పటి నుంచి మైలు దూరంలో బతికాను. వాళ్ళ డోలు చప్పుడు మా ఇంటికి వినబడేది. అయినా వాళ్ళు ఏది ఎప్పుడు తింటారో నాకు తెలియదు. టీచర్ ట్రైనింగులో అది ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు బడికి ఒక్క పిల్ల రాలేదు. తలుపు తీసి, బోర్డు తుడిచి, కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి గూడెం పెద్దలు వచ్చి, రమ్మని పూజారి ఇంటి ముందుకు తీసుకుపోయారు. గూడెమంతా అక్కడే ఉంది. విషయం అప్పుడు తెలిసింది.

"తెలిసే చేసింది. గిర్నీ గొడవల కడుపుమంట తీర్చుకున్నది" అన్నాడొకాయన.

"ఆఫీసుకు పోయి చెప్పుదాం. గీ టీచరు మాకు వద్దని. బడి మూసినా సరే" అన్నాడు ఇంకొకాయన. చాలామంది తలలూపారు.

నౌకరీకి వచ్చి ఏడాది కాలేదు. పిల్లలకు మైల పట్టించిన టీచరని పేరు పడితే ఇంకెక్కడా నిలబడలేను. అప్పుడు మామ వెనక నుంచి ముందుకు వచ్చాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. ఇప్పుడు ఈయన చేతికి చిక్కాను అనుకున్నాను.

"ఈమెతోటి నాకు పంచాయితీ ఉంది. అందరికంటె ఎక్కువ నాకే ఉంది. గా లిస్టు మాట నేను మార్చను, ఆమె మార్చదు. అది వేరే, ఇది వేరే. గీ పిల్లకు మన కొత్తల సంగతి తెల్వదు. మనం ఎవరం చెప్పినం? ఇన్ని నెలల నుంచి మన బళ్ళె ఉంటె, ఒక్కరోజన్న ఎవరన్న కూసోబెట్టి చెప్పినమా? తెల్వక చేసిన తప్పుకు ఉండే దండుగ ఉండనే ఉంది. అది చేపియ్యండి. బడి మూసుడెందుకు?" అన్నాడు.

ఎవరో గొణిగారు, ఈమె పోతే నీకే మంచిది కదా అని.

"నాకు మంచిదే. అందుకే పొమ్మని అంటలే" అన్నాడాయన.

పూజారి వేల్పు ముందు ఒక కోడిని ఇచ్చి తప్పు ఒప్పుకోమన్నాడు. నా తరఫున మామ ఇస్తాడేమో అని ఆయన వైపు చూశాను. "నేనిస్తే చెల్లదు కోడలా. నీ చేతిదే కావాలె" అన్నాడు. తండాకు పోయి యాడి పెంచుకుంటున్న పెట్టను అడిగాను. ఆమె సంగతంతా విని, పట్టి ఇచ్చింది. వేల్పు ముందు నిలబడి, తెలియక చేశాను, ఇక మీద అడిగి చేస్తాను అని చెప్పాను. మర్నాడు పిల్లలంతా వచ్చారు.

ఆ సాయంత్రం బడి అయ్యాక నేను గిర్నీ దగ్గర ఆగాను. ఆయన రాళ్ళు విప్పి ముందు పెట్టుకుని గంట్లు కొడుతున్నాడు. పట్టడానికి గింజల్లేవు, ఎందుకు కొడుతున్నాడో అడగలేదు. గడప మీద కూర్చున్నాను.

"మామా, ఆ మాట వాపస్ తీసుకో. రేపు పొద్దుగాల తండా అంతా గంపలెత్తుకొని వస్తది. నేను తోలుకొస్త" అన్నాను.

"తీసుకోను."

"ఇంజన్ పోతది."

"పోతె పోనియ్. ఇంజన్ కోసం నేను మాట మార్చితె, రేపు నీ జొన్నల్ల ఇంకేదన్న కలపనని నువ్వెట్ల నమ్ముతవ్?"

జవాబు దొరకనప్పుడు నేను గొంతు పెంచుతాను, అది నా అలవాటు. మా తాతలు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంటూ అడవులెంబడి తిరిగారని, ఊరి బయట దిగితే దొంగలొచ్చారని కొట్టి తరిమేవారని, మా నాయనమ్మ కాన్పు కూడా బాట పక్కనే అయిందని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. "ఏ సుఖం మీదకెళ్ళి దిగొచ్చినం మేము? బలమున్న చెయ్యి అంటివి. ఏది ఆ బలం, చూపించు" అని రెండు చేతులూ ముందుకు చాపాను.

ఆయన ఉలి పక్కన పెట్టాడు. "బాట పక్కన కాన్పు సంగతి నాకు తెల్వదు. బావ ఎన్నడు చెప్పలే" అన్నాడు. నా చేతులను చూశాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. చిన్నబిడ్డ ట్రైనింగు కార్డు కోసం నెల రోజులు రోడ్డు దాకా పోయి పోస్టు మనిషి కోసం ఎదురుచూసిందట. రాలేదని తెలిశాక పుస్తకాలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టిందట. "నీ మార్కులు ఎక్కువనే ఎరుక. మా పిల్ల చదివిన బడికి ఏడాదిల సగం దినాలు పంతులే రాకపాయె. మార్కులెక్కడివి?" అన్నాడు.

ఆ మాటకు ఈసారి నేను గొంతు పెంచలేదు.

"మీకు రావద్దని నేననలే కోడలా. మాది తగ్గొద్దంటున్న. మీకు వేరే గంప పెట్టమను."

"వేరే గంప పెట్టేదాక చేతిలున్నది వదిలి నిలబడమంటవా?"

"అవ్, గక్కడ నీ మాట నిజమే. నా కాడ జవాబు లేదు" అన్నాడు.

అప్పుడు ఆయనకే తోచింది. "ఇదంత రాయి. ఆ పొద్దు సభల నేను నాలుగు మాటలన్న, మీ తండాకు పోయేసరికి పది మాటలైనయ్. కాయితం మీద పెడితె ఎన్ని మాటలో అన్నే ఉంటయ్. అర్జీ రాయి, నా పేరు మీద."

"నా మీద అర్జీ నన్నే రాయమంటవా?"

"ఇంకెవరితోటన్న రాపిస్తె నా మాట మార్చుతరు. నువ్వు మార్చవు. నీకు పౌరుషం ఎక్కువ" అన్నాడు.

హాజరు పుస్తకం మీద తెల్ల కాగితం పెట్టుకుని రాశాను. 'బలమున్న చెయ్యి' అన్న చోట నా పెన్ను ఆగింది. మార్చబుద్ధయింది. మార్చలేదు. జాబితాలో మా పేరు ఉండకూడదని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. చివరికి వచ్చాక ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఇంకొక్కటి. తండోళ్ళు కూడ కష్టపడ్డోళ్ళే, వాళ్ళకు సర్కారు వేరేగ ఇయ్యాలె, గీ టీచరు మా పోరలకు మంచిగ చెప్తున్నది, ఈమెను తియ్యొద్దు. గిది రాయి" అన్నాడు. నేను అడగలేదు. రాసి, మొత్తం చదివి వినిపించాను. పవర్‌హౌస్‌లో నేర్చుకున్న సంతకం పెట్టాడు.

ఆ కాగితం తీసుకుని తండాకు పోయి, పెద్దమనిషి ఇంటి ముందు అందరికీ చదివాను. మొదటి వాక్యానికే ఒక కుర్రవాడు లేచి, "మన పిల్లే మన మీద అర్జీ రాసిందా, బాగుంది" అన్నాడు. చివరి వాక్యం దాకా ఆగమన్నాను. ఆగారు.

"మాట వాపస్ తీసుకున్నడా?" అని అడిగాడు పెద్దమనిషి.

"లేదు. తీసుకోడు."

"మరి ఎట్ల?"

"మొన్న గూడెపోళ్ళు నా బడి మూసేద్దామన్నరు. నేను పోతే ఆయనకే లాభం. ఆయన మూయనియ్యలే. మనం ఆయన గిర్నీ మూపిస్తున్నం. ఆయన మాట తప్పేనని నేను ఇప్పటికీ అంట, ఆయన ముందలనే అంట. కానీ ఆ తప్పుకు మనం పెట్టిన శిక్ష నాకు బాగలేదు. పెట్టింది నేనే, తీసెయ్యమనేది కూడ నేనే" అన్నాను.

వాదన లేచింది. తండా మాట ఇచ్చి రెండు నెలలకే తీసేస్తే పరువేం కావాలని కొందరు, ముందు ఆయన వచ్చి మాట్లాడాలని కొందరు. పెద్దమనిషి గడ్డం నిమురుకుంటూ ఎటూ చెప్పలేకపోయాడు. మా యాడి అంతసేపూ వెనకాల నిలబడి ఉంది. ఇంట్లోకి పోయి జొన్నల గంప నెత్తిన పెట్టుకుని, సభ మధ్యలోంచే నడిచింది.

"ఏడికి?" అన్నాడు పెద్దమనిషి.

"మీరు మాట్లాడుకోండ్రి. నా ఇంట్ల పిండి లేదు" అంది.

ఆమె వెనక ఇంకో గంప లేచింది. తర్వాత ఎన్ని లేచాయో లెక్క పెట్టలేదు. పెద్దమనిషి నవ్వి, "ఇగ పంచాయితీ అయిపోయినట్టే" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారని కాదు. ముగ్గురు నలుగురు పడుచువాళ్ళు వానల దాకా పెద్ద రోడ్డు గిర్నీకే పోయారు, కారం రొట్టెలే తిన్నారు. నేను వాళ్ళనేమీ అనలేదు, ఆ పౌరుషం నేను నేర్పిందే.

ఆ పై వారం టీచర్ల మీటింగుకు భద్రాచలం పోతుంటే, ఆ అర్జీ నన్నే ఇచ్చి రమ్మన్నాడు మామ. బస్సు గోదావరి వంతెన దాటేటప్పుడు దాన్ని ఇంకోసారి చదువుకున్నాను. ఒక్క మాటను కూడా ఒప్పుకోలేని చోట్లున్నాయి, ఒక్క మాటను కూడా కాదనలేని చోట్లున్నాయి. ఆఫీసులో ఒక పెద్దాయన దాన్ని మొత్తం చదివి, నా పేరు, నా ఊరు అడిగి, కళ్ళజోడు తీసి నన్ను చూశాడు.

"ఇది నీకు వ్యతిరేకంగా ఉంది కదమ్మా. తెలుసా నీకు?"

"తెలుసు సార్. రాసింది నేనే."

"మరి ఆయన రాకుండా నిన్నెందుకు పంపించాడు?"

"ఆయనకు తీరదు సార్. గిర్నీ దగ్గర మా తండావాళ్ళు వరసలో ఉన్నరు" అన్నాను.